జారీ నుంచి కల్లితండా దాకా: మన జవాన్ల చరిత్ర



మన గ్రూపుల రాంజీ గోండు, కొమురం భీం గురించి చాలా పోస్టులు వచ్చినయ్. కానీ సైన్యంలో చేరి యుద్ధంలో ప్రాణమిచ్చిన మనోళ్ల గురించి తక్కువ రాసినం. ఈరోజు ఇద్దరి గురించి చెప్త.

మొదటాయన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా. ఇప్పటి జార్ఖండ్‌ గుమ్లా జిల్లా, జారీ గ్రామం. ఉరావ్ ఆదివాసీ. 14 గార్డ్స్ పదాతి దళంలో జవాను. 1971 డిసెంబర్ 3న అగర్తలా దగ్గరి గంగాసాగర్‌ మీద దాడి జరిగింది. శత్రువు బంకర్ నుంచి మెషిన్ గన్ ఆగకుండా కాలుస్తుంటే ఎక్కా ఒక్కడే ఉరికి బయొనెట్‌తో దాన్ని ఆపిండు. గాయమైనా వెనక్కి రాలే. తర్వాత ఒక మేడ మీది నుంచి ఇంకో మెషిన్ గన్ మొదలైంది. పాక్కుంటూ పోయి గ్రెనేడ్ వేసిండు. అయినా ఆగకపోతే గోడ ఎక్కి లోపలికి దూకి దాన్ని కూడా ఆపిండు. ఆ గాయాలతోనే చనిపోయిండు. 1971 యుద్ధంలో తూర్పు వైపు పోరాడినోళ్లలో పరమవీర చక్ర వచ్చింది ఆయనొక్కడికే.

రెండో ఆయన మన తెలుగు బిడ్డ మురళీ నాయక్. శ్రీ సత్యసాయి జిల్లా, గోరంట్ల మండలం, కల్లితండా. అమ్మానాన్నలు ముంబైకి పోయి కూలి చేసి బతికినోళ్లు. 2022లో అగ్నివీర్‌గా చేరిండు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత నియంత్రణ రేఖ పొడుగునా కాల్పులు జరిగినయ్. మే 9న జమ్మూకశ్మీర్‌లో పాక్ కాల్పులకు మురళి బలైండు. తెల్లారి, మే 10 సాయంత్రానికి కాల్పుల విరమణ వచ్చింది. ఒక్కరోజు తేడా.

ఇద్దరిదీ ఒకటే త్యాగం, కానీ కాగితం మీద ఒకటి కాదు. రెగ్యులర్ జవాను చనిపోతే కుటుంబానికి పెన్షన్ వస్తది. అగ్నివీర్‌కు 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉంటయ్, పెన్షన్ మాత్రం ఉండదు. నాలుగేళ్లయినంక రెగ్యులర్‌లోకి తీసుకునేది 25 శాతం దాకానే. ఏపీ ప్రభుత్వం మురళి కుటుంబానికి 50 లక్షలు, 5 ఎకరాల భూమి ప్రకటించింది. అది మంచిదే. కానీ అది ప్రభుత్వం దయ తలిస్తే వచ్చేది, పెన్షన్ లెక్క హక్కు కాదు.

పెద్దపల్లి, మంథని దిక్కు మన తమ్ముళ్లు పొద్దున్నే లేచి ర్యాలీ కోసం ఉరుకుతున్నరు. ఉరకండి, కానీ రూల్స్ కూడా చదువుకోండి. మీ తండాలో, గూడెంలో సైన్యంలో పనిచేసిన పెద్దమనుషులుంటే కూసోబెట్టి అడిగి రాసుకోండి. మనం రాయకపోతే ఆ చరిత్ర వాళ్లతోనే పోతది.