అమ్లపిత్తము: శంఖభస్మము నుండి సూక్ష్మజీవి వరకు

విందు భోజనము చేసిన రాత్రి రొమ్ములో మంట, పులిత్రేన్పులు కలిగినచో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతములలో "గుండెమంట" అందురు. నేరమును మిరపకాయపై మోపుదురు. మహబూబాబాద్ చేలలో విరివిగా పండు ఈ మిరప మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండము నుండి పోర్చుగీసువారి ద్వారా 16వ శతాబ్దములో వచ్చినది. ఓరుగల్లు నుండి కాకతీయులు ఈ సీమను ఏలిన నాళ్లలో వంటలో కారమునకు మిరియములే ఆధారము. అయినను ఈ మంట అప్పటికే వైద్యులెరిగినదే.

చరక, సుశ్రుత సంహితలలో అమ్లపిత్తమునకు ప్రత్యేకాధ్యాయము లేదు. కాశ్యపసంహిత దీనిని వేరు వ్యాధిగా వర్ణించినది. పిమ్మట మాధవకరుడు తన నిదాన గ్రంథములో విరుద్ధాహారము, చెడిన అన్నము, పులుపు, మంట పుట్టించు పదార్థములు దీనికి కారణములనెను.

కడుపులోని ఆ ఆమ్లము ఏది? అది హైడ్రోక్లోరికామ్లమని 1824లో ఇంగ్లండు వైద్యుడు విలియం ప్రౌట్ ప్రకటించెను. ఈ ఆమ్లము అన్నవాహికలోనికి ఎగదన్నినపుడు మంట పుట్టును. గుండెకు దానితో సంబంధము లేదు.

ఇచ్చట ఆయుర్వేదపు శంఖభస్మము గమనింపదగినది. శంఖములో ప్రధాన ద్రవ్యము కాల్సియం కార్బొనేటు. దానిని పుటము వేయగా వచ్చు భస్మము క్షారగుణము కలది. కావున ఆమ్లమును తటస్థీకరించును. నేటి మందుల అంగళ్లలో దొరకు పెక్కు మాత్రలలోను కాల్సియం కార్బొనేటే ఉండును. వంటింటి తినే సోడాయు ఇదే పని చేయును. బొగ్గుపులుసు వాయువు వెలువడి త్రేన్పు వచ్చును, మంట తగ్గును. కాని ఈ ఉపశమనము తాత్కాలికము. రక్తపోటు ఉన్నవారికి సోడా తగదు.

మంట చల్లారినంత మాత్రమున రోగము పోయినట్లు కాదు. 1982లో ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ జీర్ణాశయమునందలి హెలికోబాక్టర్ పైలోరి అను సూక్ష్మజీవిని పెంచి చూపిరి. పెక్కు పుండ్లకు అదియే మూలమని తేలినది. 2005లో వారికి నోబెల్ బహుమానము లభించినది. అట్టి పుండును కషాయములు మాన్పజాలవు, యాంటిబయాటిక్కులు కావలెను.

సాధారణమైన మంటకు మితభోజనము, రాత్రి తిన్న మూడు గంటలకు గాని పరుండకుండుట, పొగాకు మానుట మేలు. మంట వారముల తరబడి ఉన్నను, మింగుట కష్టమైనను, మలము నల్లబడినను, రక్తము వాంతియైనను వైద్యుని చూడవలెను. రొమ్ము నొప్పితో చెమటలు పట్టి, నొప్పి చేతికి ప్రాకినచో అది నిజముగా గుండెదే కావచ్చును. దానిని పైత్యమని తలచి ధనియాల కషాయము కాచుచు కూర్చుండరాదు; వెంటనే ఆసుపత్రికి పోవలెను.