క్షామమును ముందే గుర్తించు విద్య

ధాతకరవు మాట మనలో పెక్కుమంది పెద్దలవలన విన్నదే. ధాత నామ సంవత్సరమున ఆరంభమైన ఆ క్షామము 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును పీడించెను. దత్తమండలములలోని బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి నష్టపోయినవి. వానలు తప్పిన సంగతి అందరకును తెలిసియే యుండెను. కాని ఏ గుర్తులను చూచి, ఎప్పుడు, ఎవరు సహాయము ప్రారంభింపవలెనో తెలుపు నియమావళి దేశమంతటికిని లేకపోయెను.

ఈ లోపమును తీర్చుటకు రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన ఏర్పడిన క్షామ సంఘము 1880లో నివేదిక సమర్పించెను. 1883లో నమూనా క్షామ నిబంధనావళి వెలువడగా, ఆయా రాష్ట్రములు తమ నిబంధనలను వ్రాసికొనెను. క్షామము పిడుగువలె పైబడదనియు, మెట్టుమెట్టుగా నడచివచ్చుననియు వానికి ఆధారమైన భావము. ధాన్యము ధర పెరుగుట, వర్తకులు అప్పు నిలుపుట, బిచ్చగాండ్రు హెచ్చుట, దొంగతనములు ప్రబలుట, జనులు ఊళ్ళు విడిచి తిరుగుట గుర్తులు. అనుమానము కలిగినచోట పరీక్షకై పనులు తెరచెడివారు. బరువైన పనికి స్వల్పమైన కూలి యిచ్చినను జనము గుంపులుగా వచ్చినచో, అచట ఆకలి నిజమని తేలును. అంతట ప్రభుత్వము క్షామమును ప్రకటించి, పనులను విస్తరించి, పని చేయజాలని వారికి ఉచితముగా సహాయము చేయవలెను.

ఇంత చక్కని ఏర్పాటుండగా 1943లో వంగదేశమున లక్షలాది జనులు ఏల మరణించిరి? 1942లో జపాను బర్మాను ఆక్రమించుటచే అచటి బియ్యము రాక నిలిచెను. ఆ అక్టోబరులో మిదినాపూరు తీరమును తుపాను ధ్వంసము చేసెను. ధరలు మిన్నుముట్టెను. గుర్తులన్నియు కనబడినవి, క్షామము మాత్రము ప్రకటింపబడలేదు. నిబంధన ప్రకారము ఈయవలసిన ఆహారము తమవద్ద లేదని గవర్నరు రూథర్‌ఫర్డు వైస్రాయికి వ్రాసెను. 1945 నాటి విచారణ సంఘము మృతులు సుమారు 15 లక్షలని లెక్కగట్టెను. తరువాతి పరిశోధకులు కొందరు దానిని రెట్టింపు చేసిరి.

ఆ పాఠము నేటికిని పాతబడలేదు. ఇప్పుడు ఉపగ్రహములు పైరుల పచ్చదనమును కనిపెట్టుచున్నవి. అయినను సోమాలియా విషయమున 2010 నుండియే హెచ్చరికలు వెలువడగా, 2011 జూలైలో గాని ఐక్యరాజ్యసమితి క్షామమును ప్రకటింపలేదు. అప్పటికే అనేకులు మరణించిరి. మొత్తము మృతులు సుమారు 2.5 లక్షలని పిమ్మట తేలినది.

కావున హెచ్చరిక యున్నదా యని మాత్రమే మనము అడిగిన చాలదు. దానిని విన్ననాడు పంచుటకు ధాన్యము నిలువయున్నదా, పంచవలసిన బాధ్యత ఎవరికి అప్పగింపబడినదని కూడ అడుగవలెను. వంగదేశమున కొరవడినవి ఆ రెండే.