డొనాల్ థామస్
ఎడ్వర్డ్ డొనాల్ థామస్ (మార్చి 15, 1920 - అక్టోబర్ 20, 2012) అమెరికాకు చెందిన వైద్యుడు, రక్త క్యాన్సరు పరిశోధకుడు. టెక్సాస్ రాష్ట్రంలోని మార్ట్‌లో జన్మించాడు. ఎముక మజ్జ (మూలుగ) మార్పిడి చికిత్సకు ఆద్యులలో ముఖ్యుడు.

దీనిని శస్త్రచికిత్స అనుకొనేవారు కలరు. నిజానికి రోగి మూలుగను రేడియేషన్‌తోనో మందులతోనో నశింపజేసి, దాత మూలుగను రక్తం ఎక్కించినట్లే సిరలోనికి ఎక్కిస్తారు. అందలి మూలకణాలు తామే ఎముకలను చేరి కొత్త రక్తకణాలను పుట్టిస్తాయి.

1957లో థామస్ ఇట్లు ఆరుగురికి ఎక్కించిన ఫలితాలను ప్రకటించాడు. వారెవరూ ఎంతోకాలం జీవించలేదు. దాత కణాలు రోగి శరీరంపైనే దాడి చేయడం మరొక పెద్ద చిక్కు. 1960లలో అనేకులు ఈ మార్గాన్ని విడిచిపెట్టగా, ఆయన కుక్కలపై ప్రయోగాలు సాగించాడు. కణజాలం సరిపోలిన దాతను ఎంచుకొనడం, మెథోట్రెక్సేట్‌తో ఆ దాడిని అణచడం సాధ్యమని తేలిన పిమ్మట, 1969లో సియాటిల్‌లో తిరిగి రోగులకు చికిత్స ఆరంభించాడు.

1990లో జోసెఫ్ ముర్రేతో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. భార్య డాటీ ఆయన పరిశోధనలలో జీవితాంతం పాలుపంచుకొన్నది.