తుష్నాబాద్ నానమ్మ అడిగిన ప్రశ్న

మాది శ్రీకాకుళం జిల్లా. నేను పెళ్లాడాలనుకున్న అమ్మాయిది దక్షిణ అండమాన్‌లోని తుష్నాబాద్. మొదటిసారి వాళ్లింటికి వెళ్తూ "మీరేవిట్లు?" అన్న ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకున్నాను. వాళ్ల నానమ్మ కులం అడగలేదు. హిందీలో ఒక్కటే అడిగింది: "పిల్ల తన ఇష్టంతోనే ఒప్పుకుందా, బాబూ?"

వాళ్లు 'లోకల్‌బార్న్'లు, అంటే ఖైదీల సంతతి. 1858లో బ్రిటిష్ వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస పెట్టారు. సత్ప్రవర్తన ఉన్న మగ ఖైదీలు అనుమతితో ఆడ ఖైదీలను పెళ్లి చేసుకోవచ్చు. ఎక్కడెక్కడి కులాలో, భాషలో కలిశాయి. పిల్లలకి హిందుస్తానీయే ఇంటిభాష అయింది. మన సంస్కర్తలు ఉపన్యాసాలతో సాధించలేనిది అక్కడ అవసరం సాధించింది.

ఇది చూసి మనం మురిసిపోకూడదు. ఆడవాళ్లను వరసలో నిలబెడితే మగవాళ్లు వచ్చి ఎంచుకునేవారు. కాదనే హక్కు ఆమెకుంది, కానీ కాదంటే మళ్లీ జైలే. దాన్ని ఇష్టమందామా?

కులం పోవడం ఒకటి, స్వేచ్ఛ రావడం ఇంకొకటి. నానమ్మ ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు. చెప్పాల్సింది ఆ అమ్మాయే. చెప్పింది. ఆ తర్వాతే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చాం.