రోడ్స్: ఓడలు లంగరు వేసే సముద్రం

తీరానికి కొంత దూరంలో ఓడలు లంగరు వేసి ఆగడానికి అనువైన నీటిని ఇంగ్లిషులో రోడ్స్ అంటారు. రోడ్‌స్టెడ్ అన్నా అదే. హార్బరుకు ఉన్నంత రక్షణ దీనికి ఉండదు. ఒక దీవో ఇసుక తిప్పో ఓ పక్క అడ్డుంటే అదృష్టమే. అదీ లేని రోడ్స్ చాలా ఉన్నాయి. అడుగున బురదో బంకమట్టో ఉంటే లంగరు బాగా పట్టుకుంటుంది. రాతి నేలైతే నమ్మడానికి లేదు.

మనం నడిచే రోడ్డూ ఇదీ ఒకే మాట. పాత ఇంగ్లిషులో దానికి గుర్రపు స్వారీ, ప్రయాణం అని అర్థం. లంగరు మీద ఊగే ఓడను నావికులు నేటికీ 'రైడింగ్' అనే చెబుతారు. ఓడలు నిలిచే చోటు అన్న అర్థం 14వ శతాబ్దం నాటికే ఉంది. నేల మీది బాట అన్న అర్థం 16వ శతాబ్దం చివరికిగానీ రాలేదు. అంటే సముద్రపు రోడ్డే పెద్దది!

ఇంగ్లండులో కెంట్ తీరాన ఉన్న డౌన్స్ పేరుపొందిన రోడ్‌స్టెడ్. గుడ్విన్ ఇసుక తిప్పల చాటున ఓడలు అనుకూలమైన గాలి కోసం ఆగేవి. 1703 నవంబరు తుపానులో ఆ తిప్పల మీదే నాలుగు యుద్ధనౌకలు ధ్వంసమై, వెయ్యిమందికి పైగా చనిపోయారు. అమెరికాలో హాంప్టన్ రోడ్స్ పేరు చెప్పగానే 1862 మార్చి గుర్తొస్తుంది. ఇనుప కవచాల ఓడలు రెండు మొదటిసారి తలపడింది అక్కడే.

మద్రాసు రోడ్స్‌కు ఏ చాటూ లేదు. 1746 సెప్టెంబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి సేనాని లా బూర్దొనే నౌకాదళాన్ని మరుసటి నెలలోనే తుపాను చితగ్గొట్టింది. మామూలు రోజుల్లోనూ ఓడ దిగి ఒడ్డు చేరడం సాహసమే. సరుకునూ మనుషులనూ మసూలా పడవల్లో దాటించేవారు. వాటి పలకలకు మేకులుండవు, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు కుట్టు కాస్త వదులవుతుంది, పలక విరగదు. ఇంజనీర్ల రాతిగోడలకు ఆ ఒడుపు లేదు: 1870లలో మొదలైన హార్బరు కట్టడాన్ని 1881 తుపాను పాడుచేసింది.

చట్టంలోనూ రోడ్‌స్టెడ్‌కు చోటుంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం 12వ అధికరణం ప్రకారం, ఓడలు మామూలుగా సరుకు ఎక్కించి దించే రోడ్‌స్టెడ్ ప్రాదేశిక జలాల హద్దు దాటి ఉన్నా, దాన్ని ఆ జలాల్లో భాగంగానే లెక్కిస్తారు.

ఓడలను తీరానికి దూరంగా నిలిపే ఈ పద్ధతిని తెలుగు తీరాన చూడాలంటే కాకినాడ వెళ్లాలి. గోదావరి ఒండ్రుతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అక్కడి సముద్రానికి అడ్డుకట్ట. 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చినా పాత యాంకరేజ్ పోర్టు మూతపడలేదు. లోతు నీళ్లలో ఆగిన ఓడలకు బియ్యం బస్తాలు బార్జీల మీదే వెళతాయి.