ఇల్లు కొనేటప్పుడు, అమ్మేటప్పుడు న్యాయవాదిని ఎలా ఎంచుకోవాలి?

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటో దిగి, వేలిముద్ర వేసి, సంతకం చేసి బయటికొస్తే ఇల్లు మనదైపోయిందని అనుకుంటాం. మన చట్టం ప్రకారం అక్కడ రిజిస్టర్ అయ్యేది పత్రం మాత్రమే. అమ్మిన వ్యక్తికి ఆ ఆస్తిపై నిజంగా హక్కు ఉందా లేదా అన్నది తేల్చే బాధ్యత సబ్ రిజిస్ట్రార్‌ది కాదు. 2025 ఏప్రిల్‌లో కె.గోపి కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే మరోసారి చెప్పింది. అమ్మేవారు తమ హక్కు పత్రాలు చూపకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించేందుకు వీలు కల్పించిన తమిళనాడు నిబంధనను కొట్టివేసింది. 22ఏ నిషేధిత జాబితాలో ఉన్న ఆస్తుల్ని మన రాష్ట్రాల్లో రిజిస్టర్ చేయరు కానీ, ఆ జాబితాలో లేనంత మాత్రాన హక్కు సక్రమమని అర్థం కాదు.

హక్కును పరిశీలించుకోవాల్సిన భారం కొనేవారిదే. ఆ పని చేసిపెట్టే న్యాయవాది ఎంపిక అందుకే అంత ముఖ్యం.

ఇంగ్లండ్‌లో ఒకలా, ఇక్కడ ఒకలా

లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఇల్లు కొన్న తెలుగువారికి ‘కన్వేయన్సింగ్ సొలిసిటర్’ అన్న మాట తెలిసే ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇళ్ల బదిలీ పని సొలిసిటర్లు లేదా లైసెన్సు పొందిన కన్వేయన్సర్లు చూస్తారు. వారికి వృత్తిపరమైన బీమా తప్పనిసరి. ఇంటి డబ్బు కూడా మామూలుగా వారి క్లయింట్ ఖాతా ద్వారానే చేతులు మారుతుంది. ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదైన హక్కుకు ప్రభుత్వ పూచీ ఉంటుంది. రిజిస్టర్‌లో తప్పు వల్ల నష్టపోతే పరిహారం కోరవచ్చు.

మన దగ్గర ఆ పూచీ లేదు. హక్కుకు హామీ ఇచ్చే దిశగా ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భూ యాజమాన్య హక్కు చట్టం (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) వివాదాస్పదమై 2024లో రద్దయింది. ఇళ్ల బదిలీ కోసం ప్రత్యేకంగా లైసెన్సు పొందిన వృత్తి కూడా ఇక్కడ లేదు. ఒకే న్యాయవాది ఉదయం క్రిమినల్ కేసు వాదించి, సాయంత్రం లింక్ డాక్యుమెంట్లు చూడవచ్చు. ఎవరికి ఈ పనిలో అనుభవం ఉందో మనమే కనుక్కోవాలి.

మీ తరఫున ఉన్నది ఎవరు?

ఇల్లు కొనేటప్పుడు చట్టం తెలిసినవారు ముగ్గురు నలుగురు ఎదురవుతారు. వారిలో మీ తరఫున ఉండేవారు తక్కువ.

డాక్యుమెంట్ రైటర్: సేల్ డీడ్ రాస్తారు, స్టాంపు డ్యూటీ లెక్క చెబుతారు, స్లాట్ బుక్ చేస్తారు. హక్కు పరిశీలన వారి పని కాదు.

బ్యాంకు ప్యానెల్ న్యాయవాది: ఈ నివేదిక బ్యాంకు అప్పు భద్రంగా ఉందో లేదో చూసేందుకు తయారవుతుంది. దాని ప్రతి కొనేవారి చేతికి అన్నిసార్లూ రాదు. ‘లోన్ వచ్చిందంటే టైటిల్ క్లియర్’ అన్న మాట నమ్మి ఆగిపోకూడదు.

బిల్డర్ న్యాయవాది: రెరా వెబ్‌సైట్‌లో కనిపించే లీగల్ ఒపీనియన్ బిల్డర్ తీసుకున్నది. చదవడం మంచిదే, దానితో సరిపెట్టుకోకూడదు. రెరా చట్టం 18(2) సెక్షన్ ప్రకారం భూమి హక్కులో లోపం వల్ల నష్టం జరిగితే బిల్డర్ పరిహారం చెల్లించాలి. పాత ఇల్లు ఒక వ్యక్తి నుంచి కొంటే ఈ రక్షణ ఉండదు.

ఒకే న్యాయవాది అమ్మేవారికీ కొనేవారికీ పనిచేస్తే ఖర్చు కలిసొస్తుందని మధ్యవర్తులు చెబుతుంటారు. రేపు తగాదా వస్తే ఆయన ఎవరి పక్షాన నిలబడతారు? ఒక పక్షానికి సలహా ఇచ్చిన విషయంలో ఎదుటి పక్షం తరఫున వ్యవహరించకూడదని బార్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి.

స్థానికుడే ఎందుకు?

ఆస్తి చట్టాలు దేశమంతటికీ దాదాపు ఒకటే. రికార్డులు మాత్రం రాష్ట్రానికో తీరు. బెంగళూరులో ఏ ఖాతా, బీ ఖాతా తేడా తెలియాలి. చెన్నైలో పట్టా, మహారాష్ట్రలో సాత్ బారా ఉతారా, ప్రాపర్టీ కార్డు చదవడం రావాలి. తెలంగాణలో ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1బీ చూడాలి. హైదరాబాద్ అమీర్‌పేటలో మంచి పేరున్న న్యాయవాది అయినా, బెంగళూరు సర్జాపూర్ రోడ్డు ఫ్లాట్‌కు సరైన మనిషి కాకపోవచ్చు.

ఒకే రాష్ట్రంలోనూ ఊరికో చిక్కు. ఒకచోట ఇనాం భూమి, ఒకచోట అసైన్డ్ భూమి, ఇంకోచోట వక్ఫ్ లేదా దేవాదాయ భూమి, మరోచోట చెరువు ఎఫ్‌టీఎల్. ఏ సర్వే నంబరు మీద ఏ గొడవ నడుస్తోందో ఆ కోర్టులో రోజూ తిరిగేవారికి ముందు తెలుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందు లావాదేవీల కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. ఆ పనికి దగ్గర్లో మనిషి కావాలి.

అయితే స్థానికుడు కావడమే చాలదు. అదే ఊరిలో అమ్మేవారికో బ్రోకర్‌కో బిల్డర్‌కో పనిచేస్తున్న వ్యక్తి అయితే ఆ తెలివిడి మీకు ఉపయోగపడదు.

ముందుగా అడగాల్సినవి

న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. బార్ కౌన్సిల్ 36వ నిబంధన దాన్ని నిషేధిస్తోంది. కాబట్టి ఇంటర్నెట్‌లో ‘టాప్ 10’ జాబితాల కన్నా, అదే ప్రాంతంలో ఇటీవల కొన్నవారిని, మీకు తెలిసిన సివిల్ న్యాయవాదిని అడగడం మేలు. ఒకరిద్దరి పేర్లు దొరికాక వారినే నేరుగా ఇవి అడగండి:

• ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదయ్యారు, నంబరు ఎంత?
• ఈ మండలంలో లేదా ఈ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఇటీవల టైటిల్ పరిశీలనలు చేశారా?
• అమ్మేవారు, బిల్డర్, బ్రోకర్‌లలో ఎవరితోనైనా మీకు వృత్తి సంబంధం ఉందా?
• రికార్డులు మీరే చూస్తారా, జూనియర్లు చూస్తారా? సంతకం ఎవరిది?
• ఫీజు ఎంత, అందులో ఏమేం కలిసి ఉన్నాయి? ఈసీలు, సర్టిఫైడ్ కాపీల ఖర్చు వేరా?
• అభిప్రాయం లిఖితపూర్వకంగా, మీ పేరున ఇస్తారా?

రెండో ప్రశ్నకు తడబడినా, చివరి ప్రశ్నకు ‘అవసరం లేదండీ, నోటిమాటగా చెబుతా’ అన్నా మరొకరిని చూసుకోవచ్చు.

లీగల్ ఒపీనియన్‌లో ఏం ఉండాలి?

కనీసం 30 ఏళ్ల లింక్ డాక్యుమెంట్లు చూడటం ఆనవాయితీ. దీని వెనుక 1963 నాటి కాలపరిమితి చట్టం ఉంది. స్వాధీనం కోసం ప్రైవేటు వ్యక్తి దావా వేయడానికి 12 ఏళ్లు, ప్రభుత్వానికి 30 ఏళ్లు గడువు. తనఖా విడిపించుకోవడానికీ 30 ఏళ్లే.

ఈసీ ఒక్కటే చూసి ‘బాగుంది’ అనే నివేదికను నమ్మవద్దు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, వీలునామాలు, వారసుల వాటాలు, కోర్టులో నడుస్తున్న దావాలు ఈసీలో కనిపించకపోవచ్చు. దావా నడుస్తుండగా కొన్నవారికి ఆ తీర్పు వర్తిస్తుందని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి అమ్మేవారి పేరు మీద ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో వెతికారా అన్నది చూడండి. డాక్యుమెంట్లు బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పుల కోసం సెర్సాయ్ రిజిస్ట్రీని కూడా చూడాలి. జీపీఏ మీద మాత్రమే చేతులు మారిన ఆస్తి అయితే మరింత జాగ్రత్త అవసరం. అలాంటి ‘అమ్మకం’ హక్కును బదిలీ చేయదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఏయే పత్రాలు చూశారు, ఏవి దొరకలేదు, ఏ లోపాన్ని ఎలా సరిదిద్దుకోవాలి అన్నవి విడివిడిగా రాసి ఉంటేనే అది పనికొచ్చే నివేదిక.

అమ్మేవారికీ అవసరమే

హక్కులో తనకు తెలిసిన లోపాన్ని కొనేవారికి చెప్పడం, అడిగితే పత్రాలు చూపించడం అమ్మేవారి బాధ్యతని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. తండ్రి పోయాక ఆస్తి పంపకం కాకుండానే ఒక అన్న బేరం కుదుర్చుకోవడం, చెల్లెళ్ల సంతకాలు లేవని చివర్లో ఆగిపోవడం మనకు తెలియని కథ కాదు. బేరానికి ముందే న్యాయవాదికి చూపిస్తే ఇవి సరిచేసుకునే సమయం ఉంటుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న కుటుంబ సభ్యుడు పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు చేయించాలి. అమ్మేది ఎన్నారై అయితే కొనేవారు మినహాయించే టీడీఎస్ నియమాలు కూడా వేరు.

పొరపాటు జరిగితే?

న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంతకుముందు 2012లో, హైదరాబాద్‌లో ఒక బ్యాంకు ప్యానెల్ న్యాయవాదిపై సీబీఐ పెట్టిన కేసును కొట్టేస్తూ, కుట్రకు ఆధారం లేకుండా కేవలం తప్పుడు అభిప్రాయం ఇచ్చారని క్రిమినల్ కేసు నడపలేమంది. మిగిలిన దారులు రెండు. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, సివిల్ కోర్టులో నష్టపరిహారం కోరవచ్చు. రెండింటికీ లిఖితపూర్వక నివేదిక, ఫీజు రసీదు, పంపుకున్న మెయిళ్లే ఆధారం.

తర్వాత దొరికే పరిహారం ఇంత సన్నం కాబట్టే, న్యాయవాది దగ్గరికి వెళ్లాల్సింది రిజిస్ట్రేషన్ ముందురోజు కాదు, అడ్వాన్సు ఇవ్వకముందు. అప్పటికే టోకెన్ ఇవ్వక తప్పకపోతే, హక్కులో లోపం తేలితే ఆ సొమ్ము తిరిగి ఇస్తామన్న షరతు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఒక్క వాక్యం రాయడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోవడం లేదో మీ న్యాయవాదిని అడగండి.