పసుపు బస్సు, పింఛనుదారు

అమెరికాలో పసుపురంగు స్కూలు బస్సు స్టీరింగు వెనక నెరిసిన తలలు చాలా కనిపిస్తాయి. రిటైరయ్యాక ఇంట్లో ఊసుపోక, పిల్లల మీద మమకారం కొద్దీ ఈ పనికి వస్తారని అంటారు. అబద్ధం కాదు గానీ అది సగం మాట. ఈ ఉద్యోగపు వేళలే ఎవరు రావాలో ముందుగా తేల్చేశాయి.

పిల్లల్ని బడికి చేర్చడానికి ప్రజాధనం ఖర్చుపెట్టవచ్చని 1869లో మసాచుసెట్స్ చట్టం చేసింది. బండి ఉన్న రైతే తొలి డ్రైవరు. 1930లో దేశంలో లక్షన్నర దాకా ఉన్న ఒంటిగది బడులు 1970 నాటికి రెండువేలకు దిగిపోయాయి. బడి దూరమైన కొద్దీ బస్సుతో అవసరం పెరిగింది. 1939లో విద్యావేత్త ఫ్రాంక్ సిర్ కొలంబియా టీచర్స్ కాలేజీలో జరిపిన సదస్సు బస్సుకు రంగూ కొలతలూ ఖరారు చేసింది. డ్రైవరు రోజు మాత్రం రెండు ముక్కలుగానే మిగిలింది: పొద్దున రెండు మూడు గంటలు, మధ్యాహ్నం మళ్లీ అంతే, నడుమ ఖాళీ. ఆ జీతంతో సంసారం ఈదడం కష్టం. అందుకే పాలు పితికి వచ్చే రైతులు, గృహిణులు తోలారు. కరొలైనా రాష్ట్రాల్లోనైతే హైస్కూలు పిల్లలే తోలేవారు. పదిహేడేళ్లవాళ్లకున్న ఆ వెసులుబాటును 1988లో కేంద్ర ప్రభుత్వం ఎత్తేసింది. రైతులు తగ్గారు, ఆడవాళ్లు పూర్తికాలం ఉద్యోగాలకు వెళ్లారు. తిండికి పింఛనూ, 65 దాటితే వైద్యానికి ప్రభుత్వ బీమా మెడికేరూ ఉన్నవాళ్లకే ఈ అరకొర జీతం సరిపోయింది. పూర్తి పింఛను వయసు దాటినవారు సంపాదిస్తే సోషల్ సెక్యూరిటీ పింఛనులో కోత వేసే నిబంధనా 2000లో పోయింది.

అలాగని తృప్తి అంతా వట్టిమాటేనా అంటే, కాదు. తెల్లవారకముందే టైర్లు, లైట్లు, అత్యవసర ద్వారం చూసుకోవాలి. ట్రిప్పు ముగిశాక చివరి సీటు దాకా నడిచి, ఏ పసివాడైనా నిద్రపోయాడేమో వంగి చూడాలి. చాలా బస్సుల్లో వెనకనున్న బటన్ నొక్కకపోతే హారన్ మోగుతుంది. రోజుకు ఓ రూపు ఇచ్చే పని ఇది. ముసలివాళ్లకు పసివాళ్లనెలా అప్పగిస్తారన్న ప్రశ్న సహజమే. కానీ 1986 చట్టంతో వచ్చిన వాణిజ్య లైసెన్సు పరీక్షలు వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకటే. అసలు బలహీనత వేరే చోట ఉంది. మనసుకు నచ్చిన పని కదా అని జీతం పెంచకుండా నెట్టుకొస్తే, మనసు మారినరోజు బండి ఆగుతుంది. కోవిడ్‌తో పెద్ద వయసు డ్రైవర్లు చాలామంది తప్పుకున్నారు. 2021 సెప్టెంబరులో, తొలి చట్టం చేసిన ఆ మసాచుసెట్స్‌లోనే, బడిపిల్లల వ్యాన్లు తోలడానికి గవర్నరు 250 మంది దాకా నేషనల్ గార్డు సైనికులను పిలవాల్సి వచ్చింది.